మూల కంప్యూటర్ ఇంటికెళ్ళే వేళ

మా వీధి చివరి లైబ్రరీలో కిటికీ పక్క కంప్యూటర్ల కోసం జనం కీచులాడుకుంటారు. మూలనున్న కంప్యూటర్ జోలికి మాత్రం సంగతి తెలిసినవాళ్ళెవరూ పోరు, తెలియక కూర్చున్నవాళ్ళు చీకటి పడగానే లేచిపోతారు. దాని ముందున్న కుర్చీ ఇప్పటికీ కొత్తగానే ఉంది.

ఆ కంప్యూటర్‌కి దెయ్యం పట్టిందని పేరు. వైరస్ అనుకునేరు... వైరస్‌కయితే మందుంది.

చీకటి పడేవేళకి, ముందు మనిషి లేకుండానే దాని స్క్రీన్ వెలుగుతుంది. బాణం గుర్తు తనంతట తాను కదులుతుంది. ఇంటర్నెట్ మ్యాపులో వీధుల ఫొటోలుంటాయి కదా, నొక్కుకుంటూ పోతే నడిచినట్టే ముందుకి సాగేవి... అవి తెరుచుకుంటాయి. ఒక వీధి మొదలవుతుంది. ఎవరో నడుస్తున్నట్టు మెల్లగా... ఒక మలుపు... ఇంకో మలుపు... చివరికి ఒక ఇంటి ముందు ఆగుతుంది.

రోజూ అదే ఇల్లు.

పోయినవాడెవడో రోజూ సాయంత్రం ఇల్లు చూసుకుని వస్తున్నాడని చెప్పుకునేవాళ్ళు. ఆఫీసు వదిలాక వెళ్ళినట్టు, వేళ తప్పకుండా. లైబ్రరీ మేడమ్ రిపేరు మనిషిని పిలిపించింది. అతను మిట్టమధ్యాహ్నం వచ్చి, అంతా తిప్పి చూసి, ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. పగలు ఏముంటుంది? దానిది రాత్రి డ్యూటీ.

ఈ సంగతంతా నాకు మా పిన్ని చెప్పింది. ఆవిడ టైలరు. కల్పించి చెప్పే ఓపిక ఆవిడకి లేదు. ఉన్న ఓపికంతా కుట్టుమిషను తొక్కడానికే సరిపోతుంది.

ఆ చలికాలం పిన్ని పని చేస్తున్న బట్టల దుకాణం మూతపడింది. ఇంటి దగ్గర చిన్నా చితకా కుట్లతో నెట్టుకొస్తోంది. బాబాయి నడుం పట్టేసి మంచం మీదున్నాడు. ఇంతలో పెద్దాసుపత్రిలో దుప్పట్లూ దిండు గలేబులూ కుట్టడానికి మనుషులు కావాలని తెలిసింది. పర్మినెంటు ఉద్యోగం. అయితే అప్లికేషను ఇంటర్నెట్‌లోనే పెట్టాలి. ఈ ముక్క ఆవిడకి తెలిసింది ఆఖరి రోజు సాయంత్రం. అదీ మాట వరసకి, పక్కింటావిడ బట్టలారేస్తూ అంటే.

పిన్ని ఫోను అంతకు ముందు వారమే నీళ్ళ బకెట్లో మునిగి కన్ను మూసింది. అందుకని చేతిలో ఉన్న జాకెట్టు అలాగే మిషను మీద వదిలేసి లైబ్రరీకి పరిగెత్తింది.

వెళ్ళేసరికి చీకటి పడింది. కిటికీ పక్క కంప్యూటర్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒక్కరూ లేచేలా లేరు.

"ఆ మూలది ఖాళీగా ఉంది," అంది లైబ్రరీ మేడమ్, తలెత్తకుండా. "ఎందుకు ఖాళీగా ఉందో మీరు అడగొద్దు, నేను చెప్పను."

పిన్ని అడగలేదు. వెళ్ళి కూర్చుంది.

పక్క కుర్చీలో పరీక్షలకి చదువుకునే అమ్మాయి ఒకతె ఉంది. మెల్లగా వంగి, పిన్ని చెవిలో చెప్పింది —

"ఆంటీ... అందులో కూర్చోకండి. దానికి టైమయింది."

"దేనికి?"

"ఇంటికెళ్ళడానికి."

"వెళ్ళమను. నాకేం అడ్డం?" అంది పిన్ని. ఒక్కొక్క వేలితో కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ పేరు కొట్టడం మొదలుపెట్టింది.

పేరయింది. వయసయింది. చిరునామా సగంలో ఉంది...

పేజీ మాయమైంది.

దాని బదులు ఒక వీధి. ఎండ కాస్తున్న వీధి. కరెంటు స్తంభం, సైకిళ్ళు బాగుచేసే కొట్టు, ఒక గోడ. పిన్ని చెయ్యి మౌస్ మీద లేదు. వీధి మాత్రం ముందుకి నడుస్తోంది.

మలుపు.

ఇంకో మలుపు.

ఇల్లు. నీలం తలుపు. మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మ్యాపులో మనుషుల ముఖాలు కనపడకుండా చెరిపేస్తారు కదా — ఆవిడ ముఖం ఉండాల్సిన చోట మసక మాత్రమే ఉంది.

పిన్ని పక్కకి తిరిగి చూస్తే ఆ పరీక్షల అమ్మాయి అప్పటికే పుస్తకాలు చంకన పెట్టుకుని గుమ్మం దాటుతోంది.

పిన్నికీ లేచిపోవాలనే అనిపించిందట. కానీ దెయ్యం రేపూ ఉంటుంది, అప్లికేషను ఉండదు. వీధిని మూసేసి, తన పేజీ మళ్ళీ తెరిచింది. చిరునామా పూర్తి చేసింది. అనుభవం అన్న చోట అంకె వేసింది...

మళ్ళీ వీధి. మళ్ళీ మలుపు. మళ్ళీ నీలం తలుపు.

మళ్ళీ మూసింది.

పర్సులో ఉన్న ఫొటోని మేడమ్ చేత స్కాన్ చేయించింది, ఈసారి అది ఎక్కించాలి. ఫొటో పెద్దదిగా ఉందంది కంప్యూటర్. చిన్నది చేస్తే మరీ చిన్నదంది. ఎలాగో తిప్పలు పడి ఎక్కించి, చివరి బొత్తాం నొక్కబోయేసరికి... బాణం గుర్తు చేతికింద నుంచి జారిపోయింది. పిన్ని కుడికి లాగితే అది ఎడమకి పోతుంది. ఇద్దరు ఆడపడుచులు ఒకే చీర పట్టుకుని లాక్కున్నట్టుందట ఆ వ్యవహారం.

చివరికి ఆ బాణమే నెగ్గింది. నీలం తలుపు వచ్చి నిలబడింది.

అవతల లైబ్రరీ మేడమ్ ఒక్కొక్క లైటే ఆర్పుతోంది. పిన్నికి భయం పోయి ఒళ్ళు మండింది. స్క్రీన్ మీద పైన, ఊళ్ళ పేర్లు కొట్టి వెతుక్కునే పెట్టె ఒకటి ఉంది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టింది —

*ఎవరు?*

ఏమీ లేదు. గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది...

తర్వాత, ఎవరూ కొట్టకుండానే, ఒక్కో అక్షరం దానంతట అదే పడటం మొదలైంది. చాలా నెమ్మదిగా. వెతుక్కుంటూ కొడుతున్నట్టు.

*అక్కా నేనే*

*తలుపు వెయ్యకు*

"అప్పుడు నా నోట్లో తడి లేదురా," అంది పిన్ని నాతో. "కానీ ఏడుపొచ్చింది. దెయ్యమైనా సరే, అంత దీనంగా అడిగితే ఏం చేస్తాం?"

అయినా ఉన్నమాట చెప్పడమే మంచిదనుకుంది. ఇలా కొట్టింది —

*నేను మీ అక్కని కాదు. టైలర్ని. అప్లికేషను పెట్టుకోవాలి.*

అంతలో స్క్రీన్ వెనకున్న గోడలోంచి "అమ్మో!" అని కేక. ఆ వెంటనే ఏదో ఢామ్మని పడిన చప్పుడు.

పిన్ని ఎగిరి లేచింది. లైబ్రరీ మేడమ్ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ గోడ వంక చూశారు.

"ఆ పక్కనేముంది?" అని పిన్ని గుసగుసగా అడిగింది.

"పుస్తకాలు కుట్టే గది. వెనక సందులోంచి దారి. బైండరు తాత ఒక్కడే ఉంటాడు," అంది మేడమ్. అని, కాసేపాగి, "ఉంటాడనే అనుకుంటున్నాను," అంది.

చేయీ చేయీ పట్టుకుని సందులోకి వెళ్ళి తలుపు నెట్టారు. లోపల పాత అట్టలు, దారపు ఉండలు, జిగురు వాసన. కిందపడ్డ కుర్చీ. జిగురు కుంచె రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డ ముసలాయన. ఆయన పక్కన బల్ల మీద ఒక స్క్రీన్, ఒక కీబోర్డు, ఒక మౌస్. ఆ స్క్రీన్ మీద నీలం తలుపు, దాని పైన పిన్ని కొట్టిన అక్షరాలు.

"నువ్వు... దెయ్యానివా అమ్మా?" అన్నాడాయన.

"కాదు బాబాయిగారూ. చెప్పాను కదా, టైలర్ని."

మేడమ్ బల్ల కిందకి వంగి వైర్లు పట్టుకుని చూసింది. అవి గోడలోని కన్నంలోంచి అటు పోయి, మూల కంప్యూటర్ వెనకే తేలాయి. ఈవిడకన్నా ముందున్న లైబ్రేరియన్, ఉన్న కంప్యూటర్‌కే ఇంకో స్క్రీనూ కీబోర్డూ తగిలించి ఇటు పెట్టించి, "ఇది నీదే తాతా" అని చెప్పి రిటైరైపోయాడట. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. తాత తనది వేరే కంప్యూటర్ అనుకున్నాడు. ఇటువాళ్ళు ఇది దెయ్యం అనుకున్నారు.

"మరి ఆ ఇల్లెవరిది బాబాయిగారూ?" అని అడిగింది పిన్ని.

ఆయన కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"మా అక్కది. అమ్మకి బాగోలేనప్పుడు అక్క కబుర్ల మీద కబుర్లు పంపింది. పనులున్నాయని వారం వారం వాయిదా వేశాను. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అక్క నా ముఖాన తలుపేసి, 'ఇక రాకు' అంది. మళ్ళీ వెళ్ళలేదు. ఈ మ్యాపులో దొరికింది ఇల్లు. మెట్ల మీద కూర్చుంది అక్కే. ముఖం కనపడదు కానీ, ఆ కూర్చోవడం నాకు తెలీదా? పని అయ్యాక కాసేపు చూసుకుని వెళ్తుంటాను."

"రోజూనా?"

"ఆ. కానీ రోజూ చూడనిచ్చేదా? ఒక్కోసారి గుమ్మందాకా వెళ్ళేసరికి ఇల్లు ఫట్‌మని మాయమైపోయేది. ఒకసారి ఎర్రక్షరాలతో ఫెయిల్ అని వచ్చింది. ఇంకోసారి టికెట్లు లేవు అని వచ్చింది. కోపం తగ్గలేదు, తలుపేస్తోంది అనుకునేవాణ్ణి. ఇవాళ పేరేంటి, వయసెంత అని అడిగేసరికి... ఇక నాకే పైనుంచి పిలుపొచ్చిందనుకున్నాను."

మేడమ్ ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వో ఏడుపో పిన్నికి తెలియలేదు.

"ఇన్నాళ్ళూ తలుపేసింది మీ అక్క కాదు బాబాయిగారూ," అంది పిన్ని. "గోడవతల కూర్చున్న పరీక్ష తప్పినవాళ్ళు, రైలెక్కేవాళ్ళు, నాలాంటి అప్లికేషన్లవాళ్ళు. ఆవిడేమంటుందో మీకింకా తెలియనే తెలియదు."

ఆయన స్క్రీన్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అది తర్వాత ఆలోచిద్దురుగానీ," అంది పిన్ని, "ముందు మీరొచ్చి నా పక్కన చేతులు కట్టుకుని కూర్చోండి. మేడమ్‌గారూ, ఆ లైట్లు ఆర్పకండి."

తాత వచ్చి బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ కిటికీలు మూస్తూ, తీస్తూ, మళ్ళీ మూస్తూ కాలం గడిపింది. పిన్ని అప్లికేషను మొదటి నుంచీ నింపి పంపించింది. ఇప్పుడు ఆసుపత్రిలో గలేబులు కుడుతోంది. బాబాయి నడుం నయమై లేచి తిరుగుతున్నాడు.

మూల కంప్యూటర్ వెనక వైర్లు పీకేశారు. అయినా దాని ముందు ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. జరిగింది మేడమ్ అందరికీ విడమరిచి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, కిటికీ పక్క కంప్యూటర్ల దగ్గరే లైను కట్టారు.

బైండరు తాత మాత్రం రెండు నెలలు తాత్సారం చేసి, ఒక సెలవు రోజున బస్సెక్కాడు. తిరిగొచ్చాక పిన్నికి చెప్పాడు.

సందులు తెలిసినవే కాబట్టి తడుముకోకుండా వెళ్ళాడట. తలుపు రంగు మారింది, ఆకుపచ్చ వేశారు. మెట్ల మీద ఎవరూ లేరు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తాడు... దించాడు... మళ్ళీ ఎత్తాడు. చీకటి పడుతోంది. ఇక వెనక్కి పోదామని ఒక మెట్టు దిగాడు. అప్పుడు లోపల గడియ తీసిన చప్పుడైంది.

అక్క. తలంతా తెల్లబడింది. గుమ్మంలో నిలబడి తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. చాలాసేపు.

"ఎంతసేపలా నిలబడతావు?" అందట చివరికి. "లోపలికి రా. దోమలొస్తున్నాయి."