ఒంటి వేడి

మార్గశిరం చలి గడగడలాడిస్తోంది. పెదకాకానిలో అర్చకుడు శేషాచలంగారింట్లో మహానైవేద్యానికి అన్నం ఉడుకుతోంది. కోడలు బాలసరస్వతి వంకాయలు తరుగుతూ కాస్త వంగేసరికి, నడుం దగ్గర చీరకుచ్చెళ్ళలోంచి ఒక గాజుగొట్టం తొంగిచూసింది. అత్తగారు శ్యామలాంబ కంట పడనే పడింది.

"ఏమిటే అది?"

గుంటూరు లాబరేటరీలో పనిచేసే ఆ పిల్లకి అబద్ధమాడడం చేతకాదు. "రక్తంలోంచి తీసిన తెల్లకణాలండీ అత్తయ్యగారూ. కాన్సర్ గడ్డతో పోట్లాడేవి. నిన్న కరెంటు పోయి అక్కడి వేడిపెట్టె ఆగిపోయింది. చలికి చచ్చిపోతాయని ఒంటికి కట్టుకున్నాను."

"మడి వంటింట్లోనా! ఆ ఎర్రనీళ్ళేమిటి మరి?"

"వాటికి తిండండీ. దూడ రక్తంలోంచి తీసిన రసం కొంచెం కలుపుతారు."

శ్యామలాంబ కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి భళ్ళున కక్కుకుంది. ఆ నడుముతో, ఆ చేతులతో స్వామికి వండిందా! విసవిసా వచ్చి, ఉడుకుతున్న అన్నం గిన్నె ఎత్తి పెంటకుప్ప మీద కుమ్మరించింది.

"ఛీ! గోపూజ చేసే ఇల్లే ఇది! ఆ రోత గోడవతల పారేసి తలస్నానం చేసి రా. లేదంటే అటునుంచి అటే పో."

"పారెయ్యలేనండీ."

"ఎవడి కోసమే ఇంత తెగింపు?"

గదిలోంచి శేషాచలం వచ్చాడు. దవడలో గడ్డ లేచిన దగ్గర్నించీ ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది.

"నా కోసమేనే. ఆ కణాలు నావే. నీకు చెప్పొద్దని అమ్మాయి చేత నేనే ఒట్టు వేయించుకున్నా."

"దూడ సంగతి తెలిసేనా?"

"తెలిసే." ఆయన కళ్ళెత్తలేదు. "నాకూ రోతగానే ఉంది. కానీ బతకాలనుందే."

శ్యామలాంబ కోడలి వైపు తిరిగింది. "నయమవుతుందా?"

"తెలియదండీ. ఇంకా పరీక్షలే. ముందు ఇవి బతికితే, గడ్డని చంపుతాయో లేదో చూస్తారు."

"ఇలా తే," అంది శ్యామలాంబ. కళ్ళు గట్టిగా మూసుకుని గొట్టం అందుకుని తన బొడ్డు దగ్గర దోపుకుంది. మళ్ళీ వాంతి వచ్చినంత పనైంది. పళ్ళు బిగించి మింగేసింది. "ఈ పూట నేను మైల. వంటింటి గడప తొక్కను. నువ్వు తలకి పోసుకుని నైవేద్యానికి మళ్ళీ ఎసరు పెట్టు."

వెళ్ళి ఎండలో గోడకానుకుని కూచుంది. ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి, గొట్టం మీది చెయ్యి తీస్తే చల్లబడుతుందని మానేసింది.