మేడమీది డిష్, పక్కనున్న శాటిలైట్

"నిన్నటి గాలికి వాళ్ల డిష్ ఒరిగిపోయింది. బిగించడానికి వెళ్లేది నువ్వే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుకకు డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు ఊరికే రాలేదు. ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోడు. ఇవాళ మరీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పన్నెండింటికి శత్రువుల ముఠా ఆ డిష్‌లోంచి మన నౌక వెళ్లే దారిని తమ శాటిలైట్‌కు పంపబోతోంది. అది అందితే సముద్రంలో పొంచి ఉన్న సబ్‌మెరైన్ మిగతా పని చూసుకుంటుంది. నౌక రేడియో ఆపుకొని పోతోంది, హెచ్చరించే దారి లేదు. అందులో పిచ్చుక తమ్ముడున్నాడు.

"ఇప్పుడే రెయిడ్ చేద్దాం సార్!"

"చేస్తే ఇంకోచోటి నుంచి పంపుతారు. పంపేశామని వాళ్లు నమ్మాలి. వాళ్ల శాటిలైట్ పక్కనే మనదుంది. డిష్ కాస్త తూర్పుకు జరిపావంటే మెసేజ్ నా టేబుల్ మీద పడుతుంది."

"స్క్రీన్ మీద శాటిలైట్ పేరు కనిపిస్తుంది కదా?"

"స్క్రీన్ దగ్గర మేడమ్ ఉంటుంది. వాళ్ల ముఠాలో మన మనిషి." చీఫ్ గొంతు తగ్గించాడు. "అనుకుంటున్నాం. మన శాటిలైట్ దొరికితే నిన్ను 'బాబాయ్' అని పిలుస్తుంది."

"నాకు ముప్పై రెండేళ్లు సార్!"

"అది కోడ్ వర్డ్. నీ వయసు కాదు."

పిచ్చుక మాసిన చొక్కా తొడుక్కుని, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని ముఠా ఇంటి మేడెక్కాడు. వెనకే గుండు గార్డు. పిచ్చుక నట్లు వదులు చేసి, చేతి గడియారం మూత తెరిచాడు. లోపల దిక్సూచి.

"ఏంటది?"

"దిక్కు చూస్తున్నా అన్నా."

"డిష్‌లు బిగించేవాళ్లని చాలామందిని చూశాను. ఎవడూ ఇలాంటివి తియ్యడు. పక్కింటి డిష్ ఎటుంటే అటు తిప్పేస్తాడు." గార్డు చెయ్యి చొక్కా కిందికి పోయింది.

పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. గడియారం జేబులో పడేసి, పక్కింటి మేడ వైపు ఓ చూపు విసిరి, పిట్టగోడ మీదికి వంగి గొంతు చించుకున్నాడు.

"అమ్మా, వచ్చిందా?"

"రాలేదు!" కింద స్క్రీన్ దగ్గర నుంచి మేడమ్ తేనెలాంటి గొంతు.

"ఇప్పుడు?"

"వచ్చి పోయింది!"

గార్డు చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఇంత గోల చేసేవాడు అసలైనవాడే అయ్యుండాలి. పైగా సలహాలు కూడా మొదలుపెట్టాడు. "కొంచెం పైకెత్తు. అబ్బే, అంత కాదు."

పిచ్చుక డిష్‌ను వెంట్రుకవాసి తూర్పుకు జరిపాడు. "ఇప్పుడు?"

ఇంకో వెంట్రుకవాసి జరిపాడు. రేవులో చెయ్యూపిన తమ్ముడు కళ్లముందు మెదిలాడు. 

"వచ్చింది!" అందామె.

అంతే. బాబాయ్ లేదు, అబ్బాయ్ లేదు.

"శాటిలైట్ పేరు తేడాగా ఉందేంటి?" కింద నుంచి ముఠా బాస్ గొంతు.

"కొత్తగా తిప్పితే మొదట అలాగే పడుతుందండీ. సిగ్నల్ ఎంత నిండుగా ఉందో చూడండి. పన్నెండవుతోంది, నొక్కెయ్యండి." తర్వాత మేడమ్ గొంతు పెంచింది. "బాబాయ్, ఇంక బిగించెయ్!"

పిలుపు వినగానే పిచ్చుకకు ఏడుపొచ్చినంత పనైంది. నట్టు అందుకునేలోగా గార్డు డిష్ అంచు పట్టుకున్నాడు. "పక్కింటిది ఇంకాస్త పడమరకుంది. ఇలా..."

పిచ్చుక ఆ చేతిమీద ఒక్కటిచ్చాడు. "ముట్టుకోకన్నా! కదిలిందా, మళ్లీ మొదటికొస్తుంది. సాయంత్రం దాకా నువ్వే అరుచుకో!"

గార్డు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కింద బాస్ బటన్ నొక్కాడు. ఆ మరుక్షణంలో చీఫ్ టేబుల్ మీద కాగితం ఊడిపడింది. బాస్ స్క్రీన్ మీద 'అందింది' అని వచ్చిన జవాబు కూడా చీఫ్ చేతి చలవే.

సాయంత్రం నౌక క్షేమంగా రేవు చేరిందని ఫోన్ వచ్చాకే ఆ ఇంటి తలుపులు బద్దలయ్యాయి. పిచ్చుక చేతిలో పిస్తోలు చూసి, బేడీల చేతులతోనే బాస్ నుదురు బాదుకున్నాడు.

"నాదే బుద్ధిలేనితనం. రమ్మన్న రోజున, రమ్మన్న టైముకి డిష్‌వాడు వచ్చాడంటే అప్పుడే అనుమానించాల్సింది!"