కొండకు నాలుగో దారి

అమావాస్య ఆదివారం... మిట్టమధ్యాహ్నం పన్నెండు!

బేతంచెర్ల పక్కనున్న ఆ చిన్న కొండ మీద నిప్పులు కురుస్తున్నాయి. మబ్బుతునక లేని ఆకాశంలో ఉరుము! పట్టపగలు గుడ్లగూబ కూత!

చిన్నపిల్లలు కూడా అరగంటలో ఎక్కేసే కొండ అది. దాని నెత్తిన పసుపు, కుంకుమ, నల్లకోడి నెత్తురుతో వేసిన ముగ్గు... నడుమ ఒక కపాలం. దాని ముందు జుట్టు విరబోసుకొని ఊగిపోతోంది సుప్రజ. కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం రోజూ కొండెక్కే పిల్ల. ఆ ఉదయం దారికి అడ్డంగా వేసిన ముగ్గును చూడకుండా దాటింది. అంతే!

"పొద్దు వాలేలోగా నీ ప్రాణం ఈ కపాలానికి! ఈ కపాలం నాకు బానిస!" మాంత్రికుడు ఓబులేష్ వికటంగా నవ్వాడు.

కొండ కింద ఆమె చెల్లెలు శివలీల పిచ్చిదానిలా తిరుగుతోంది. మెట్ల మీద కాలు పెడితే అరికాలు భగ్గున మండింది. బండ్లదారిలోనూ అంతే. రైలుకట్ట వైపు కాలిబాటలోనూ అంతే! మూడు దారుల మొదట్లోనూ మంత్రించిన ఇనుప మేకులు... దిగ్బంధనం!

"ముట్టొద్దు పాపా!" మేకలు తోలుకొస్తున్న సుబ్బక్క అరిచింది.

"మా అక్క పైన ఉండాది సుబ్బక్కా! కేకలు ఇనపడతాండాయి!"

"పొద్దున మీ అక్క ఎక్కినాక ఆ బేవార్సు నాకొడుకు ఫోన్లో దార్లు సూసుకుంటా మేకులు కొట్నాడు. కొండెక్కేకి ఎన్ని దార్లుండాయని నన్నడిగినాడా? మేకలు కాసేదానికి ఏం తెలుసులే అనుకున్న్యాడు! రా, నా ఎనక రా!"

ముళ్ళపొదల మధ్య జానెడు వెడల్పు... మేకల గిట్టలు అరగదీసిన నాలుగో దారి! ముళ్ళు చీరుతున్నా శివలీలకు నొప్పి తెలియలేదు. భయం ఎప్పుడో పోయింది. మిగిలింది కోపమే!

మేకలు ముందుగా పైకెక్కి ముగ్గును తొక్కి చిందరవందర చేశాయి. కెవ్వుమని సుప్రజ కూలిపోయింది. శివలీల ఉరికి అక్కను ఒడిలోకి లాక్కుంది.

"మా అక్కనే ముట్టుకుంటావా రా!"

ఓబులేష్ కత్తి ఎత్తాడు. అంతలో... కట్టు తెగిన కపాలం గాలిలోకి లేచింది!

"మట్టిలో పండుకున్నదాన్ని తవ్వి తెస్తావా? ఈ కొండ మీద నలభై ఏండ్లు మేకలు కాసినా! నన్నే కట్టేస్తావా?"

సుబ్బక్క ఆ గొంతు పోల్చుకుంది. కాపురానికొచ్చిన నాటి నుంచి తనను తిట్టిన గొంతు... చచ్చిపోయిన అత్త కృష్ణవేణమ్మ గొంతు!

ఓబులేష్ మెట్లవైపు పరుగెత్తాడు. తను కొట్టిన మేకుల మంత్రమే తిరగబడి అతని అరికాళ్ళను కాల్చింది! బండ్లదారి... మంట! రైలుకట్ట దారి... మంట! వెనక పళ్ళు పటపటలాడిస్తూ కపాలం!

"మీరొచ్చిన దారి యాడుండాదో చెప్పవే!"

సుబ్బక్క పొదలకు అడ్డంగా నిలబడింది.

"ఫోన్లో సూసుకో పోరా!"

అతను నిజంగానే ఫోన్ తీశాడు... కపాలం అతని గొంతు పట్టింది! కొండ దద్దరిల్లేలా పిడుగు! ఒక్క చావుకేక... పిడికెడు బూడిద!

సుప్రజ కళ్ళు తెరిచింది. "నీళ్ళు..." అంది.

సుబ్బక్క కపాలాన్ని కొంగులో మూటగట్టుకుంది. "పా అత్తా, కిందికి పోదాం. తిడితే ఇంటికి పోయినాక తిడుదువులే."