బద్వేలు హాల్లో పట్టని విశ్వం

బద్వేలు మిషన్ స్కూలు హాల్లో విశ్వం పైకి లేచి లేచి సీలింగు ఫ్యానుకు తగులుకుంది.

అంటే నిజం విశ్వం కాదు. గాలి కొడితే గుడారంలా నిలబడే నల్లగుడ్డ డోము. లోపల కూర్చుంటే నెత్తిమీద నక్షత్రాలు కనబడతాయి. దాన్ని వ్యానులో వేసుకుని స్కూళ్ళన్నీ తిరిగే కుర్రాడు కర్నూలు గాబ్రియేలు. హాలు కొలతలు ఫోన్లో చెప్పింది సైన్సు టీచరు మహిమ.

"మేడం, పైకప్పు శానా ఎత్తుండాది అన్నారు గదా?"

"పైకప్పు ఎత్తే. ఫ్యాన్ల సంగతి మీరు అడగలేదు."

"మీరు చెప్పొచ్చు గదా?"

"విశ్వాన్నే మోసుకొచ్చేవాళ్ళు, ఒక టేపు తెచ్చుకోలేరా సార్?"

పిల్లలు కిసుక్కుమన్నారు. గాబ్రియేలు చెవులు ఎర్రబడ్డాయి. ఫ్యాను విప్పించి, డోము నిలబెట్టి, చీకట్లో నక్షత్రాలు వెలిగించాడు.

"ఈ విశ్వం ఎప్పుడూ పెరుగుతానే ఉండాది పిల్లలూ."

ఏడో తరగతి శివకుమారి చెయ్యెత్తింది. "పెరిగి దేంట్లోకి పోతాంది సార్?"

గాబ్రియేలు డోము గోడకేసి చెయ్యి చూపాడు. "అదీ... బయట బోలెడంత ఖాళీ ఉంటాది లేమ్మా. దాంట్లోకి."

"తప్పు," అంది చీకట్లోంచి మహిమ గొంతు. "ఈ డోము పెరగాలంటే హాలు కావాల. విశ్వానికి బయట హాలంటూ ఏం లేదు. మనకు తెలిసినంతవరకు అది దేంట్లోకీ పోదు. గెలాక్సీకీ గెలాక్సీకీ మధ్యనుండే చోటే పెరుగుతాంది."

"బయట ఏమీ లేకుండా ఎట్ల పెరుగుతాది మేడం?"

అడిగింది శివకుమారి కాదు, గాబ్రియేలు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. తప్పు చెప్పి దబాయించేవాళ్ళను మహిమ చాలామందిని చూసింది. తప్పని ఒప్పుకుని నోరు తెరుచుకుని వినేవాణ్ణి చూడటం ఇదే మొదలు. చీకటి కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆమె ముఖంలో నవ్వు అందరికీ కనబడేదే.

వారం తిరగకముందే వ్యాను మళ్ళీ స్కూలు గేటు ముందు ఆగింది.

"కడపకు పోతాంటి మేడం. దార్లో ఒక డౌటొచ్చింది."

"కర్నూలు నుంచి కడపకు మైదుకూరు మీద పోతారు. బద్వేలు దార్లో యాడ తగిలింది?"

"విశ్వం పెరుగుతాంది గదా, రోడ్లు అటూఇటూ జరిగినాయేమో!"

మహిమ పకపకా నవ్వేసింది. ఆ తర్వాత డౌట్లు ఆదివారానికొకటి చొప్పున వచ్చాయి. వాటితోపాటు బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట కూడా వచ్చింది. మహిమను పెంచిన ప్రేమమ్మవ్వకట. అవ్వ పండు వాసన చూసి, "పండ్లు నాకు, చూపులు నీకు," అని మనవరాలిని గిల్లింది.

పెద్దలు పెళ్ళి మాట్లాడుకున్నారు. అంతా కుదిరింది, ఒక్కటి తప్ప. కర్నూల్లో గాబ్రియేలువాళ్ళది రెండు గదుల ఇల్లు. అవ్వను కూడా తీసుకుపోదామని అతను ఎన్నిసార్లు అన్నా, అవ్వ ఊఁ అనలేదు.

"అవ్వ రాకుంటే నేనూ రాను," అని మహిమ ఫోన్లో తేల్చిచెప్పింది. చెప్పి, దిండులో ముఖం దాచుకుని ఏడ్చింది.

అవ్వ సంగతి తేలకముందే పెళ్ళి ప్రకటనలు మొదలయ్యాయి. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. రెండు ఆదివారాలు ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. మూడో ఆదివారం రేకుల కప్పు మీద వాన టపటపమంటోంది. పాస్టరయ్యగారు చదివి, కాగితం మడవబోయారు.

ఆడవాళ్ళ వైపు నుంచి చేతికర్ర టకటకలాడింది. "నాకుండాది అయ్యా."

చర్చి మొత్తం తిరిగి చూసింది. నిలబడింది ప్రేమమ్మవ్వ! మహిమ అవ్వ కొంగు పట్టి లాగింది.

"ఏమి ప్రేమమ్మా?" పాస్టరయ్యగారు కళ్ళద్దాలు తీశారు.

"పిల్లోడు బంగారం. నేను పోతే ఆ ఇల్లు పట్టదు, పోకుంటే ఈ పిల్ల కదలదు. ఇంక పెళ్ళి యాడ జరుగుతాది? మీరే చెప్పండి."

మగవాళ్ళ వైపు గాబ్రియేలు లేచాడు.

"అవ్వా, విశ్వం దేంట్లోకి పెరుగుతాందో తెలుసునా?"

"నాకేమెరుక నాయనా!"

"దేంట్లోకీ కాదంట. బయట చోటు వెతుక్కోదంట, మధ్యలోనే చోటు పుట్టుకొస్తాదంట. నీ మనవరాలే చెప్పింది. ఏడో తరగతి పిల్లల ముందర నా పరువు తీసి మరీ చెప్పింది."

చర్చి గొల్లుమంది. నవ్వులు తగ్గాక అతను మళ్ళీ అందుకున్నాడు.

"మా ఇంట్లో ఒక గది సగం ఆ నక్షత్రాల డోమే పండుకునేది అవ్వా. నిన్న దాన్ని వ్యాన్లోకి మార్చేసినా. కిటికీ పక్కన మా అమ్మ నీకు మంచమేసింది, దుప్పటి కూడా పరిచింది. గోడలు అవే, ఇల్లు మాత్రం పెద్దగైంది."

అవ్వ కర్రను ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మరి నా కోళ్ళు?"

"మెట్ల కింద గూడు కట్టినా."

"ప్రేమమ్మా," అన్నారు పాస్టరయ్యగారు నవ్వు బిగబట్టుకుంటూ, "అభ్యంతరం ఉందా, లేదా?"

"లేదు పోండయ్యా. పాట ఎత్తుకోండి, పిల్లోడు ఎంతసేపని నిలబడతాడు?"

ఆరాధన అయ్యాక కూడా వాన వదల్లేదు. మెట్ల మీద గాబ్రియేలు గొడుగు తెరిచాడు. మహిమ పక్కకు వచ్చి నిలబడింది.

"నీ జవాబులో ఒకటి మర్చిపోయినావు."

"ఈసారేం తప్పు మేడం?"

"విశ్వం పెరిగేకొద్దీ దూరంగా ఉండే గెలాక్సీలు ఇంకా దూరం పోతాయి."

గాబ్రియేలు ముఖం వాడిపోయింది. "అయితే?"

మహిమ ఇంకాస్త గొడుగు లోపలికి జరిగింది. భుజానికి భుజం తగిలింది.

"దగ్గరగా ఉండేవి మాత్రం విడిపోవు. ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి."

"ఆ పొద్దు క్లాసులో ఈ సంగతి చెప్పలేదే!"

"అన్నీ పిల్లల ముందర చెప్తారా ఏంది?" అంది మహిమ.

వెనక నుంచి ప్రేమమ్మవ్వ కర్రతో ఇద్దరినీ చెరో పక్కకు జరిపి, మధ్యలో దూరింది.

"జరగండప్పా, నాకూ చోటీండి. వాన పడతాంది!"