ముఖం కనబడని నవ్వు

పొద్దున టీ గ్లాసులు కడిగి బోర్లించగానే ఆయన ముందుగది కర్టెన్లు లాగేస్తాడు. సోఫాను గోడకు నెడతాడు, టీపాయ్‌ని వంటింట్లోకి మోస్తాడు. ఆ తరవాత గుమ్మంలో నిలబడి, దిగాల్సిన ప్రయాణికుణ్ణి చూసినట్టు కూతురి వంక చూస్తాడు. జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరైనా ఆ చూపు మాత్రం రిటైర్ కాలేదు.

"మీ అమ్మ వ్యాయామం మొదలుపెడుతుంది. నువ్వు బయల్దేరు చిట్టీ."

"కాసేపు చూసి వెళ్తా నాన్నా."

"ఎవరైనా చూస్తుంటే మీ అమ్మకు కుదరదు. వెళ్ళు వెళ్ళు, బ్యాంకు నీకోసం ఆగదు."

చిట్టి అన్నది ముద్దుపేరే గానీ మనిషి చిన్నదేం కాదు. కౌంటర్లో కూర్చుని ఎంతటివాళ్ళకైనా 'సంతకం కలవలేదండీ' అని మొహాన చెప్పగల పిల్ల. ఇంట్లోనూ ఆమె మాటే చెల్లుతుంది. తల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలిన రోజు అందరికంటే ముందు కళ్ళు తుడుచుకుని లేచింది కూడా ఆమే. నరాల పైపొర దెబ్బతిని, మెదడు చెప్పిన మాట కాలికి సరిగ్గా చేరని జబ్బు అది. పూర్తిగా పోదు గానీ, రోజూ వ్యాయామం చేస్తే ఉన్న సత్తువైనా నిలుస్తుందని చెప్పి, ఆస్పత్రివాళ్ళు ఒక వి.ఆర్. హెడ్‌సెట్ ఇచ్చి పంపారు. అది కళ్ళకు తగిలించుకుంటే ఎదురుగా నది, నదిలో పడవ. ఒళ్ళు ఎటు వంచితే పడవ అటు తిరుగుతుంది. చెయ్యి చాపి ఒడ్డునున్న పళ్ళు కోయాలి. ఎంత స్కోరు వచ్చిందో ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుకు కంప్యూటర్లో తెలిసిపోతుంది.

తల్లి బట్టలు కుడుతుంది. ఆ వీధిలో సగం మంది కొలతలు ఆమెకు నోటికొచ్చు. కత్తెర పట్టుకుని బల్ల ముందు నిలబడితే ఆమె ముందు ఎవరూ నోరెత్తరు. ఇప్పుడు ఎడమకాలు ఆ నిలబడటమే కుదరనివ్వడం లేదు. కత్తిరింపు పని వేరేవాళ్ళకిచ్చి, తను కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతోంది. ఆమె మళ్ళీ బల్ల ముందు నిలబడాలి. ఇంట్లో ముగ్గురి కోరికా అదొక్కటే.

చిట్టి ఇంకా బస్టాపులో ఉండగానే ఫిజియో అమ్మాయి ఫోన్ చేసింది.

"మీ అమ్మగారు అదరగొడుతున్నారండీ! ఇంత బ్యాలెన్స్ మామూలువాళ్ళకే ఉండదు. లెవెల్ పెంచేస్తున్నా. డాక్టరుగారు మందు మారుద్దామనుకున్నారు కదా, ఈ స్కోర్లు చూసి ఇక అక్కర్లేదేమో అంటున్నారు."

చిట్టికి కాళ్ళు నేల మీద ఆనలేదు. మొన్నేగా అమ్మ వంటింటి గడప దగ్గర తూలి పడబోయింది అని ఒక్క క్షణం అనిపించింది గానీ, శుభమా అని మంచిమాట వింటూ ఇదేం ఆలోచన అని తనను తానే కసురుకుంది. బ్యాంకుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, మలుపులోని బేకరీలో కేకు కొని వెనక్కి తిరిగింది.

తన తాళంచెవితో తలుపు తీసింది. గది మధ్యలో హెడ్‌సెట్ తగిలించుకుని నాన్న! మోకాళ్ళు వంచి, రెండు చేతులతో కనబడని స్టీరింగ్ తిప్పుతున్నాడు.

"పాం! పాం! తప్పుకోవయ్యా బాబూ, నది నీ ఒక్కడిదేనా?"

మూల కుర్చీలో అమ్మ గుండీ కుడుతోంది. కూతుర్ని చూసి సూది ఆపింది.

"ఏమోయ్," అన్నాడాయన హుషారుగా, "ఇవాళ నీ పేరు మీద రికార్డు కొట్టేస్తా చూడు!"

"ఎవరి పేరు మీద నాన్నా?"

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు అలాగే ఉండిపోయాడు. పడవ ఒడ్డుకు గుద్దుకున్న చప్పుడు హెడ్‌సెట్లోంచి సన్నగా వినబడింది.

"అది కాదు చిట్టీ... మీ అమ్మ చెయ్యనంటే..."

"ఎన్నాళ్ళుగా సాగుతోంది ఈ నాటకం?" కేకు పెట్టె తండ్రి చేతిలో పెట్టి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీకు బాగవ్వాలని లేదా? నాన్న స్కోరు చూసి డాక్టరు నీకు మందు మార్చనంటున్నారు! నీ కాలేమో రోజురోజుకీ మొరాయిస్తోంది. నీదంతా ఆరంభశూరత్వం, ఆయనది దానికి తోడు దొంగతనం!"

"దాన్నేం అనకు," తండ్రి గొంతు తగ్గిపోయింది. "వాడకపోతే మిషన్ వెనక్కి పట్టుకెళ్తామన్నారు. మీ అమ్మ మనసు ఎప్పటికైనా మారితే, అప్పుడు చేతికి అందుబాటులో లేకపోతే ఎలా అని... డాక్టరుదాకా పోతుందని నాకేం తెలుసు?"

తల్లి కుడుతున్న చొక్కా పక్కన పెట్టింది.

"మొదటి రోజు గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు? అందరం ఇక్కడే ఉన్నాం. నిన్ను ఉత్సాహపరిచాం."

"ఉత్సాహపరిచారు. మీ నాన్న, నువ్వు, మీ అత్త, వరసగా సోఫాలో కూర్చున్నారు. నేను తూలినప్పుడల్లా నవ్వారు. నువ్వు వీడియో తీశావు. 'వదిన తాగి ఊగుతున్నట్టుంది' అని మీ అత్త అంటే ఇల్లంతా ఘొల్లుమంది."

"అయ్యో, అది ముద్దుకొద్దీ నవ్విన నవ్వమ్మా!"

"అయ్యుండొచ్చు. నాకు మీ ముఖాలు కనబడలేదుగా. నవ్వొక్కటే వినబడింది."

చిట్టి ఓడిపోవడం అలవాటు లేని పిల్ల. "మరీ చిన్న విషయం పట్టుకుని..." అని గొణిగింది.

"చిన్నదేగా. అయితే తగిలించుకో."

చిట్టి విసురుగా తండ్రి తలమీంచి హెడ్‌సెట్ తీసి పెట్టుకుంది. గది మాయమై నది వచ్చింది. ఒళ్ళు కుడికి వంచి పండు కోసం చెయ్యి చాపింది. కనబడని గదిలో ఎక్కణ్ణించో అమ్మ కిసుక్కున నవ్వింది. చిట్టి చెయ్యి పండు దగ్గర ఆగలేదు. గబుక్కున తన వీపు మీదికి పోయింది, జుట్టు తడుముకుంది, చున్నీ సర్దుకుంది. హెడ్‌సెట్ లాగేసింది.

"ఎందుకు నవ్వావు? నా బట్టలేమైనా...?"

"నిన్ను చూసి కాదే. కేకు పెట్టె పట్టుకుని మీ నాన్న నిలబడ్డ తీరు చూసి నవ్వొచ్చింది." తల్లి కుర్చీలో ముందుకు వంగింది. "నీకు ఏ జబ్బూ లేదు. అయినా నీ చెయ్యి వెనక్కి పోయిందే! నాకు ఒళ్ళే నా మాట వినదు. అందరి మధ్యా కళ్ళకు గంతలు కట్టి నిలబెడితే ఎక్కడని తడుముకోను చిట్టీ?"

చిట్టి నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. ఎంత ప్రేమగా నవ్వినా ఆ నవ్వు ఆవిడకు గుచ్చుకుందన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు ఏడ్చింది. తల్లి ఆ తలను నిమురుతూ, "ఆ ఫోన్ ఇలా ఇవ్వు" అంది. ఫిజియో అమ్మాయికి తనే చెప్పింది. "అమ్మా, ఆ రికార్డులు నావి కావు, మా ఆయనవి. డాక్టరుగారికి ఇప్పుడే చెప్పు, మందు సంగతి నన్ను చూసి తేల్చమను. నన్ను మళ్ళీ మొదటి లెవెల్‌కి తీసుకురా." అవతలి అమ్మాయి, "అయితే అంకుల్‌కి బ్యాలెన్స్ చాలా బాగుందండీ" అంది. తరవాత గట్టిగా, పక్కన మనిషి లేకుండా మాత్రం చెయ్యొద్దని హెచ్చరించింది.

మనిషి ఉండాలి, చూడకూడదు. ఎలా? ఆ చిక్కు ముడి విప్పింది దర్జీ బుర్రే. పాత జీన్సు ప్యాంటు కత్తిరించి నడుముకు వెడల్పాటి పట్టీ కుట్టింది. వెనక పట్టుకోవడానికి ఒక పిడి, రెండు వరసల కుట్టుతో.

మర్నాడు తండ్రిని వంటింట్లోకి పంపి తలుపు వేశారు. తల్లి హెడ్‌సెట్ తగిలించుకుంది. వెనక చిట్టి పిడి పట్టుకుంది.

"కళ్ళు మూసుకున్నావా?"

"మూసుకున్నానమ్మా."

పడవ కదిలింది. తల్లి కుడికి ఒరిగింది. ఎడమకు ఒరగబోయి తూలింది. పిడి బిగిసింది, ఆమె నిలదొక్కుకుంది. మళ్ళీ ఒరిగింది. నానా తంటాలు పడి చెయ్యి చాపితే ఎట్టకేలకు ఒక్క పండు చేతికొచ్చింది.

"ఎంతొచ్చిందోయ్ స్కోరు?" వంటింట్లోంచి ఆత్రంగా వినబడింది.

"మీకంటే చాలా తక్కువ. కానీ ఇది నాదండీ!" అని అరిచి చెప్పి, ఆయాసం తీర్చుకుని కూతురితో అంది: "చిట్టీ, కళ్ళు తెరువు. ఊగుతుంటే నవ్వొస్తే నవ్వెయ్. పట్టు మాత్రం వదలకు."

చిట్టి కళ్ళు తెరిచింది. నవ్వు రాలేదు, కన్నీళ్ళొచ్చాయి. గంతల వెనక ఉన్న తల్లికి అవి కనబడలేదు. నడుము దగ్గర పట్టు ఇంకాస్త బిగియడం మాత్రం తెలిసింది. ఎడమకాలు జాగ్రత్తగా నేలకు ఆనించి, ఇంకో పండు కోసం చెయ్యి చాపింది.