చాయ్ రంగు ప్లగ్గు

"మీ షాపుల అన్నీ డూప్లికేట్ ప్లగ్గులే అమ్ముతరా మేడం?"

హనుమకొండ చౌరస్తా దగ్గరున్న ఆ చిన్న స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ వెనక కూర్చున్న స్రవంతి మెల్లగా తల ఎత్తింది. ఈ మధ్యే ఎంబీఏ పూర్తి చేసి నాన్న షాపులో కూర్చుంటోంది. షాపు నాన్నదే గానీ పౌరుషం మాత్రం తనది.

"ఏమన్నరు సార్? ఇంకోసారి అనుండ్రి."

ఇంకోసారి అనడానికి శశాంక్‌కి ధైర్యం చాల్లేదు. ఆ కళ్లు అలా ఉన్నాయి మరి. జేబులోంచి నాలుగు స్పార్క్ ప్లగ్గులు తీసి కౌంటర్ మీద పెట్టాడు. తళతళ మెరుస్తున్నాయి.

"నిన్న మీ నాన్న దగ్గర తీసుకపోయిన. కారు దగ్గుతాంది గని స్టార్ట్ అయితలేదు."

"ఏం కారు?"

"మా తాతది. టాపు లేని ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు."

"సుబేదారిల రాజేశ్వర్ రావు సార్ కారా? చిన్నప్పుడు అది రోడ్డు మీద పోతాంటే మా బడి పిల్లలమంతా ఎంబడి ఉరికేటోళ్లం!"

స్రవంతి కోపం సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది, బేరంలో పనికొస్తుందని.

తాత పోయినప్పటి నుంచి ఆ కారు కవర్ కింద నిద్రపోతోంది. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే శశాంక్‌కి ఇప్పుడే దాన్ని లేపాలన్న పట్టుదల వచ్చింది. కారణం వాళ్ల నాన్న. "దసరా దాకా చూస్త. కదలకపోతే హైదరాబాద్ పార్టీకి అమ్మేస్త" అన్నాడు. బాపమ్మకేమో, అంటే నాన్నకు అమ్మ సరస్వతమ్మకు, తాత కారులో మళ్లీ ఒకసారి జమ్మిచెట్టు దగ్గరికి పోవాలని ఆశ.

ఇదంతా విన్న స్రవంతి డాక్టరులా తల పంకించింది. "పాత ఇంజన్ సార్. మీరు పెట్టింది చల్ల ప్లగ్గు, జల్ది చల్లబడ్తది. దీనికి వేడి ప్లగ్గు కావాలె. ఇది పెట్టుండ్రి. రేపు మీరే స్వీట్లు పట్టుకొని వస్తరు."

మర్నాడు వచ్చాడు. స్వీట్లు లేవు, ప్లగ్గులున్నాయి.

"ఎక్కువ వేడైనట్టుంది" అంది స్రవంతి, తగ్గకుండా. ఇంకో రకం ఇచ్చింది. అదీ తిరిగొచ్చింది. "ఇది పొడుగైందేమో" అని పొట్టిది ఇచ్చింది. పొట్టిది కూడా పుట్టింటికి వచ్చేసింది.

ఈలోగా రెండు విచిత్రాలు జరిగాయి. గ్రీజు చేతులతో వచ్చే శశాంక్ ఇస్త్రీ చొక్కాలో రావడం మొదలుపెట్టాడు. అతనొచ్చే వేళకి స్రవంతి తన తండ్రి సుదర్శన్‌ని "జర ఇంటికి పోయి తినిరా నాన్నా" అని తరిమేయడం మొదలుపెట్టింది. ఆయనకి పొద్దున పదింటికే అన్నం తినే యోగం పట్టింది.

ఒకరోజు ఆమెకి అనుమానం వచ్చింది.

"అన్నీ ఇట్ల మెరుస్తున్నయేంది? కడిగిన్రా?"

"పెట్రోల్‌తోని. తుప్పు తుప్పు ఉంటే కడిగిన. వాపస్ ఇచ్చే సామాను నీట్‌గ ఉండాలె కద."

స్రవంతి తల పట్టుకుంది. "దవాఖానకు పోయేటప్పుడు జ్వరం కడుక్కొని పోతరా సార్? ప్లగ్గు రంగు చూస్తెనే రోగం తెలిసేది! నల్లగుంటే మసి. తెల్లగుంటే వేడెక్కువ. చాయ్ రంగుల ఉంటే కరెక్ట్. ఈసారి ఎట్లున్నది అట్లనే తీసుకరాండ్రి."

అట్లనే తెచ్చాడు.

స్రవంతి వెలుతురులో పెట్టి చూసింది. నల్లగా లేదు. తెల్లగా లేదు. చాయ్ రంగూ కాదు. పచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పెట్రోల్ల పసుపు కలిపినట్టు వాసనొస్తాంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొత్త ప్లగ్గులు ఇంటికి తేంగనే ఎక్కడ పెడ్తరు?"

"బాపమ్మ చేతిల పెడ్త. దేవుని దగ్గర పూజ చేసి, బొట్లు పెట్టి ఇస్తది. నేను తుడిచే బిగిస్త కద!"

"ఎక్కడ తుడుస్తరు?"

"పైన, బొట్లున్నకాడ."

"కింద, నిప్పురవ్వ వచ్చే సందుల?"

శశాంక్ నోరు తెరిచాడు. ఆ నోరు సుబేదారిలో ఇంటికి చేరేదాకా మూతపడలేదు. స్రవంతి స్కూటీ వెనక కూర్చుని, వాన చినుకులు మింగుతూ వచ్చాడు.

సరస్వతమ్మ పూజ గదిలో పసుపు గిన్నెతో దొరికిపోయింది. ఒక ప్లగ్గు చివర సందులో వేలితో ముద్దగా పసుపు కూరుతోంది.

"బాపమ్మా! ఏం చేస్తానవ్?"

"తలకొక్కటే పెడితే ఎట్ల బిడ్డా, కాళ్లకు గూడ పెట్టాలె కద" అంది, కొంచెం కంగారుగా.

"అట్ల పెడితే కారు స్టార్ట్ గాదమ్మా" అంది స్రవంతి.

"ఎరుకే."

"ఎరుకనా?"

సరస్వతమ్మ గిన్నె కింద పెట్టింది. "మొదటిసారి భక్తితోనే పెట్టిన. దానితోనే కారు లేస్తలేదని తర్వాత సమఝైంది. గని వీడు... కంప్యూటర్ల నుంచి మొహం ఎత్తని పోరడు. నీ షాపుకు పోయొచ్చినప్పుడల్లా నవ్వుకుంట వస్తాండు. కారు లేస్తే మళ్ల నీ షాపుకు ఎందుకు పోతడు?"

శశాంక్ చెవులు ఎర్రబడ్డాయి. "దసరాకు తాత కారు అమ్ముడుపోతుండె గద బాపమ్మా!"

"పోతే పోనీ బిడ్డా. మీ తాతతోని నేను తిరగాల్సింది తిరిగిన. నీ పక్క సీటు ఎన్నాళ్లని ఖాళీగ ఉంటది?"

బాపమ్మ ఆ కారుని ఎంత ప్రేమిస్తుందో శశాంక్‌కి తెలుసు. స్రవంతి మాత్రం ఎవరి మొహమూ చూడకుండా మొదటిరోజు ప్లగ్గులు నాలుగూ షాపు నుంచి తెప్పించుకుని, సందులు బ్రష్‌తో శుభ్రం చేసి, బిగించింది. తాళం తిప్పితే ఎర్ర కారు వీధంతా వినబడేలా గర్జించింది.

"మా నాన్న ఇచ్చినవే కరెక్ట్ ప్లగ్గులు. మధ్యల వేడి, పొట్టి అని నేనే ఆగం చేసిన" అంది స్రవంతి. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గని మా షాపుల డూప్లికేట్లు లేవు. సమఝైందా సార్?"

అని స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. సీటు సంగతి ఎత్తనే లేదు.

దసరా రోజు బాపమ్మ ఆ కారులో దర్జాగా జమ్మికి పోయొచ్చింది. నాన్న హైదరాబాద్ పార్టీకి వద్దని ఫోన్ చేశాడు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, ఒక్క శశాంక్ తప్ప. కారు అంత చక్కగా నడుస్తుంటే అతనికి ఒళ్లు మండుతోంది. షాపుకి పోవడానికి ఒక్క సాకూ లేదు.

మర్నాడు సాకు లేకుండానే వెళ్లాడు. సుదర్శన్ కూడా అక్కడే పేపరు చదువుకుంటూ ఉన్నాడు. అయినా ఆగలేదు. ఒక ప్లగ్గు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

స్రవంతి తిప్పి చూసింది. చక్కటి చాయ్ రంగు.

"మంచిగనే ఉన్నది గద సార్. మరెందుకు తెచ్చిన్రు?"

"ప్లగ్గు మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను. మీరు చెప్పినట్టే జ్వరం కడుక్కోకుండ వచ్చిన. నువ్వంటే నాకు చాన ఇష్టం స్రవంతీ. నిన్ను చూద్దామనే వచ్చిన."

స్రవంతి ఆ ప్లగ్గు తీసుకెళ్లి గోడకున్న దేవుడి పటం ముందు పెట్టింది. కుంకుమ భరిణలో వేలు ముంచి, సందు జోలికి పోకుండా, పైన తెల్లగా ఉన్నచోట చిన్న బొట్టు పెట్టింది.

"బొట్టు ఇక్కడ పెట్టాలెనని బాపమ్మకు చెప్పు" అంది, ఇటు తిరగకుండానే. "వద్దులే. సాయంత్రం నేనే వచ్చి చెప్త. కారు తీసుకరా."

సుదర్శన్ చిట్టచివరికి పేపరు మడిచాడు.

"ముందుగాల ఆ పిలగానికి ఒక చాయ్ చెప్పు బిడ్డా. ఇన్ని దినాల సంది నిలబడే పోతాండు. నన్ను గూడ జర టైమ్‌కు అన్నం తిననియ్యుండ్రి."