నోరుకట్టు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలు!

పేరుకే మధ్యాహ్నం. కారుమేఘాలు ఆకాశాన్ని కమ్మేయడంతో వీధిదీపాలు వెలిగించాల్సి వచ్చింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది. పగటిపూట కంటపడని గుడ్లగూబ ఒకటి ఎక్కడి నుంచో వచ్చి కబేళా రేకుల కప్పు మీద వాలింది. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి ఒక్కసారి కూసింది... కప్పు కింద దొడ్డిలో ఉన్న గొర్రెలన్నీ ఒకేసారి తలలెత్తాయి.

వెనక సామాన్ల గదిలో, ఉప్పుబస్తాల మధ్య, ఒక మాంత్రికుడు పద్మాసనం వేసి కూర్చున్నాడు. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. మెడకు, మణికట్లకు, చీలమండలకు ఎప్పుడూ నల్లదారాలు చుట్టుకుని ఉంటాడు కాబట్టి జనం నల్లదారం అనే పిలిచేవారు. అతని ముందు కుంకుమతో గీసిన ముగ్గు, దాని నడుమ వంకర కొమ్ముల పొట్టేలు కపాలం! అతను దాని దవడలు మూసి, మంత్రం గొణుగుతూ, చుట్టు మీద చుట్టు నల్లదారం బిగించాడు. చివరి ముడి పడగానే దొడ్డిలోంచి వస్తున్న అరుపులు... కత్తితో కోసినట్టు తెగిపోయాయి.

"అయిపోయింది" అన్నాడు నల్లదారం, చెమట తుడుచుకుంటూ. "నీ కబేళాలో ఇక ఏ జీవానికీ నోరు లేదు."

గది మూలన చేతులు కట్టుకుని నిలబడ్డ కబేళా యజమాని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

అతను ఈ దిక్కుమాలిన పనికి ఒడిగట్టడానికి కారణం, చుట్టూ లేచిన అయిదంతస్తుల ఇళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళకు మాంసం అంటే ప్రాణం. సెలవు రోజు పొద్దున్నే సంచులు పట్టుకుని వరసలో నిలబడి, "లేతది చూసి కొట్టవయ్యా, ఎముక తక్కువెయ్యి" అని గారాలు పోయేవాళ్ళు. మర్నాడు ఆ చేతులతోనే అర్జీ మీద సంతకాలు పెట్టారు. తెల్లారకుండానే గొర్రెల అరుపులకు మెలకువ వచ్చేస్తోందట, పిల్లలు జడుసుకుంటున్నారట. కబేళా నెలలోగా నిశ్శబ్దంగా నడవాలి, లేదా మూసేయాలి అని పురపాలక కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. తినడానికి అంత పెద్ద నోళ్ళున్న మనుషులు, వినడానికి మాత్రం పసిచెవులు తెచ్చుకున్నారు.

కబేళాలో కత్తి పట్టేది యజమాని భార్యకు స్వయానా అన్న. అందరూ అతన్ని పెద్దకత్తి అనేవారు. రోజుకు నలభై జీవాలకు మించి కోసేవాడు కాదు. జీవం మెడ కింద అరచెయ్యి పెట్టి, అది అరుస్తున్నంతసేపూ ఆగేవాడు. గొంతు సద్దుమణిగి, ఊపిరి నెమ్మదించాకే కత్తి ఆనించేవాడు. "అరుస్తుంటే కొయ్యకూడదు. నాకు తెలిసిన నీతి అంతే" అనేవాడు. అదేమంత గొప్ప నీతి కాదని అతనికీ తెలుసు.

నోరు కట్టిన మర్నాడు పొద్దున అతను ఎప్పటిలాగే చెయ్యి పెట్టి ఆగాడు. గొర్రె నోరు తెరిచింది... నాలుక బయటికి వచ్చింది... మెడనరాలు ఉబ్బాయి... శబ్దం లేదు! పక్కనున్నదీ అంతే. దొడ్డి నిండా తెరుచుకున్న నోళ్ళు, ఎగిరెగిరి పడుతున్న డొక్కలు, మధ్యలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. పెద్దకత్తి చెయ్యి వెనక్కి తీసుకుని లేచాడు.

"ఏది అరుస్తోందో ఏది ఆగిందో నాకెలా తెలుస్తుంది బావా?" అని యజమానిని నిలదీశాడు.

"నోరు చూసి తెలుసుకో బావా."

"అన్ని నోళ్ళూ తెరిచే ఉన్నాయి కదయ్యా!"

"అయితే ఇక ఆగడం దేనికి? కానివ్వు" అని యజమాని ఫోను ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

నిజంగానే ఆ తర్వాత పెద్దకత్తితో సహా ఎవరూ ఆగలేదు. కొత్త పనివాళ్ళు వచ్చారు, ఇనుప కొక్కేలు వచ్చాయి, రేడియోలో పాటలు వచ్చాయి. నలభై కాస్తా నూరైంది, నూరు మూడువందలైంది. మెడ సగం తెగిన జీవాలు కొక్కేలకు వేలాడుతూ నోళ్ళు తెరిచి మూస్తుంటే, వాటి పక్కనే నిలబడి పనివాళ్ళు జోకులు వేసుకున్నారు. అంత ఘోరాన్ని మోయగలిగేది నిశ్శబ్దం ఒక్కటే! అయిదంతస్తుల ఇళ్ళవాళ్ళయితే యజమానిని పిలిచి దండ వేసి, మీది నాగరికమైన కబేళా అని మెచ్చుకున్నారు.

ఆరో రోజు తెల్లవారింది...

యజమాని భార్య వంటింట్లో పొయ్యి ముందు నిలబడి పాలు కాస్తోంది. ఆమె మాంసం ముట్టదు. చిన్నప్పుడు పుట్టింట్లో తండ్రి కత్తి నూరే చప్పుడుకే అన్నం సహించేది కాదు. అయినా తానేదో పుణ్యాత్మురాలినని అనుకోలేదు. "తినకపోతే ఏం, ఒంటి మీది చీర గొర్రెలు పెట్టిందే కదా" అని తన్ను తానే దెప్పుకునేది. పాలు పొంగుకొచ్చాయి. గిన్నె దించబోయింది. అదే క్షణంలో కబేళాలో మొదటి మెడ తెగింది... ఆమె గొంతులోంచి ఒక గొర్రె అరిచింది!

చేతిలోని పాలగిన్నె దబ్బున కింద పడింది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మళ్ళీ అరుపు... మళ్ళీ... మళ్ళీ! అవతల కత్తి ఎన్నిసార్లు దిగితే అన్నిసార్లు! మధ్యాహ్నానికి ఆమె నేల మీద పడి దొర్లుతోంది. వైద్యుడు వచ్చి, సూదిమందు ఇచ్చి, నరాల బలహీనత అని రాసిచ్చి పోయాడు.

రోజురోజుకీ ఆమె సొంత మాట తరిగిపోసాగింది. మొగుణ్ణి పిలవబోతే పొట్టేలు గొంతు వచ్చేది. మంచినీళ్ళు అడగబోతే గొర్రెపిల్ల ఏడుపు వచ్చేది. పదో రోజున అద్దంలో చూసుకుని కెవ్వున కేకపెట్టింది. ఆమె కనుపాపలు గుండ్రంగా లేవు... గొర్రె కళ్ళలా అడ్డంగా సాగి ఉన్నాయి!

యజమాని నల్లదారాన్ని ఇంటికి తీసుకొచ్చాడు. గడపలో అతని నీడ పడిందో లేదో ఆమె జుట్టు విరబోసుకుని మంచం మీద లేచి నిలబడింది. ఆ నోట్లోంచి వందలాది గొంతులు ఏకమై బద్దలయ్యాయి.

"మా నోరు మాకియ్యరా... మా నోరు మాకియ్యి!"

కిటికీ అద్దాలు భళ్ళుమన్నాయి. నల్లదారం మాత్రం చలించలేదు. యజమానిని వరండాలోకి తీసుకెళ్ళి తాపీగా చెప్పాడు.

"కపాలం నలభై అరుపులకు కట్టింది. నువ్వు మూడువందలు పోశావు, పొంగిపోయింది. మాంసం తిన్న నోట్లోకి దూరాలంటే వాటికి భయం. నీ ఇంట్లో తినని నోరు అదొక్కటే, అందులో దూరాయి."

"ఇప్పుడేం చెయ్యాలి స్వామీ?"

"దారం విప్పేస్తే అన్నీ బయటికి పోతాయి. ఆవిడ బాగవుతుంది, నీ కబేళా మూతపడుతుంది. లేదంటే వచ్చే అమావాస్యకు ఆవిడ నోరు కుట్టేస్తాను. అరుపులు శాశ్వతంగా లోపలే ఉండిపోతాయి. ప్రాణానికేం కాదు. మాట మాత్రం ఇక ఈ జన్మకు లేదు."

యజమాని వరండాలో అటూ ఇటూ నడిచాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె రాత్రుళ్ళు గలగలా కబుర్లు చెబుతుంటే తను నిద్రపోయేవాడని గుర్తొచ్చింది. కొత్తగా కట్టిస్తున్న రెండో షెడ్డు కూడా గుర్తొచ్చింది.

"నొప్పి ఉంటుందా?" అని అడిగాడు.

"చప్పుడుండదు" అన్నాడు నల్లదారం.

యజమాని తలూపాడు.

మళ్ళీ అమావాస్య... మళ్ళీ మిట్టమధ్యాహ్నం! ప్రచండమైన గాలి లేచి కబేళా రేకులు దడదడలాడాయి. పట్టపగలు కటిక చీకటి! ఆమెను సామాన్ల గదిలో స్తంభానికి కట్టేశారు. నల్లదారం ఒంటినిండా బూడిద పూసుకుని, ఎముకతో చేసిన సూదిలోకి దారం ఎక్కించాడు. కపాలం కంటిగుంతల్లో ఎర్రటి కాంతి రగులుతోంది. ఆమె గింజుకుంది. ఉన్న శక్తినంతా కూడగట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త కళ్ళలోకి చూస్తూ అరిచింది. గొర్రె అరుపే వచ్చింది. అతను ముఖం తిప్పుకుని బయటికి నడిచి తలుపు దగ్గరగా లాగాడు.

దొడ్డిలో ఉన్న పెద్దకత్తి చేతిలోని కత్తి ఆగిపోయింది. నెల రోజులుగా చిన్న శబ్దం లేని చోట అరుపా? చెల్లెలికి ఒంట్లో బాగాలేదని, ఎవరినీ చూడనివ్వొద్దన్నారని మూడు వారాలుగా యజమాని చెబుతున్న మాటలు అతని మనసులో గిర్రున తిరిగాయి. కత్తి అక్కడే పడేసి అరుపు వచ్చిన వైపు పరుగెత్తాడు.

లోపల నల్లదారం సూది పైకెత్తి గర్జించాడు. కుట్టు పడే ముందు ముమ్మారు అడగాలి. ఆ విద్యకు అదొక్కటే షరతు. ముప్ఫై ఏళ్ళలో అతనికి ఒక్కరూ బదులు చెప్పలేదు.

"ఈ అరుపులకు సొంతదారెవరు?"

ఉరుము తప్ప జవాబు లేదు.

"ఈ అరుపులకు సొంతదారెవరు?"

తలుపవతల యజమాని తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఈ అరుపులకు... సొంతదారెవరు?"

తలుపు బద్దలైంది! నెత్తుటి చేతులతో పెద్దకత్తి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను! కోసింది నేను. నా చేతి కింద పుట్టిన అరుపులు, అన్నీ నావే. ఇటియ్యి!"

నల్లదారం ముఖం పాలిపోయింది.

"ఒరేయ్ మూర్ఖుడా! వెనక్కి తీసుకో ఆ మాట! వేల చావులురా... నీ తల పగిలిపోతుంది!"

"పగలనీ. చెల్లి నోట్లో కుక్కినవి నా చెవుల్లో పొయ్యి. వింటాను."

అంతే! కపాలానికి చుట్టిన దారాలు ఒక్కొక్కటే పటపటా తెగాయి. దవడలు తెరుచుకున్నాయి... నల్లదారం ఎన్ని విద్యలు నేర్చినా, నాది అని ఒప్పుకున్న ఆ ఒక్క మాటను ఎదుర్కొనే విద్య అతని దగ్గర లేదు. తెగిన దారాలు పాముల్లా లేచి అతని మీదికే వచ్చాయి. మెడ దారం బిగిసింది, మణికట్ల దారాలు బిగిశాయి. అతని చేతిలోని సూది అతని పెదవుల వైపే తిరిగింది! ఒక కుట్టు... రెండో కుట్టు... కళ్ళు వెళ్ళుకొచ్చాయి, మెడనరాలు ఉబ్బాయి, డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. అరిచాడు. ప్రాణభయంతో అరిచాడు. శబ్దం లేదు. పక్క షెడ్డులో నేల కడుగుతున్న పనివాళ్ళు తలైనా తిప్పలేదు. అలాగే, ఎవరికీ వినపడకుండా, ఉప్పుబస్తాల మధ్య తన్నుకుని తన్నుకుని చచ్చాడు.

అప్పుడు అరుపులు లేచాయి.

నెల రోజుల అరుపులు! కప్పు రేకులు ఎగిరిపోయాయి. భోజనాల వేళ కావడంతో అయిదంతస్తుల ఇళ్ళలో అందరూ కంచాల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కో జీవం ఎంతసేపు చచ్చిందో అంతసేపు అరిచింది. గంటసేపు ఎవరూ ముద్ద మింగలేకపోయారు. కొందరు కక్కుకున్నారు, కొందరు ఏడ్చారు, జన్మలో మళ్ళీ ముట్టనని చాలామంది ఒట్టు పెట్టుకున్నారు. వాటిలో ఎక్కువ ఒట్లు మూడు వారాలు నిలిచాయి. ఈలోగా ఇంకో అర్జీ పోయింది. కబేళాను కొండల అవతలికి, ఎవరి చెవికీ ఆనని చోటికి మార్చారు. ఇప్పుడు మాంసం శుభ్రమైన డబ్బాల్లో వస్తుంది. మూత మీద పచ్చిక మేస్తున్న గొర్రెపిల్ల బొమ్మ కూడా ఉంటుంది.

పెద్దకత్తి తల పగల్లేదు. పగిలినా బాగుండేదని అతనే అంటాడు. ఎవరైనా పలకరిస్తే పెదవులు చూసి జవాబిస్తాడు, చెవుల్లో ఇంకో శబ్దానికి చోటు లేదు. అతను కత్తి మానేశాడని రాయాలని నాకెంతో ఉంది. మానేసి నెల్లాళ్ళు కాపలా పని చేశాడు కూడా. చేతికి వచ్చిన పని కోత ఒక్కటే కావడంతో మళ్ళీ చిన్న కొట్టు పెట్టుకుని రోజుకు రెండు జీవాలు కోస్తున్నాడు. చెవులకు వినపడకపోయినా, మెడ కింది అరచేతికి గొంతు అదురు ఆగిందని తెలిశాకే కత్తి ఆనిస్తాడు. అతని ఇంట్లోనే ఉంటున్న చెల్లెలు రోజూ అతనితో పోట్లాడుతుంది. "అరుపు ఆగేదాకా ఆగగలవు కదా అన్నయ్యా, మొత్తానికే ఆగలేవా?" అంటుంది. అతను పెదవులు చూడకుండా తల దించుకుంటాడు. తిట్టడానికి తనకు గొంతు మిగిలినందుకు ఆమెకు సంతోషంగానూ ఉంటుంది, ఆ గొంతుతో ఏం తిట్టినా పని జరగనందుకు ఏడుపూ వస్తుంది.

ఒకరోజు సాయంత్రం భర్త వచ్చాడు. కొత్త బట్టలు తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, తప్పయిపోయింది, ఇంటికి రమ్మని బతిమాలాడు. ఆమె బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"ఆ రోజు మీ కళ్ళలోకి చూసి అరిచాను" అంది.

"నీ మీద ఒట్టు, అది నువ్వని అనుకోలేదు. గొర్రె అరుపు కదా వచ్చింది. గొర్రే అరుస్తోందనుకున్నాను."

ఆమె చేట పక్కన పెట్టి అతని వైపు చూసింది. కనుపాపలు గుండ్రంగానే ఉన్నాయి.

"సరే, గొర్రే అనుకోండి. అరిచింది మీకు వినపడింది కదా... మరెందుకు ఆగలేదు?"

అతను నోరు తెరిచాడు. చాలాసేపు అలాగే తెరిచి ఉంచాడు. ఆమె లేచి తలుపు వేసుకుంది.